ఖాతా: ఒక చిన్న మాట, పలు అర్థాలు

తెలుగు నేల నుంచి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబం ఇల్లో స్థలమో కొనాలని బయలుదేరినప్పుడు మొట్టమొదట వినిపించే ప్రశ్న ఒకటుంది: 'ఖాతా ఇదెయా?' ఖాతా ఉన్నదా అని దాని అర్థం. మాట కొత్తది కాదు గనుక దానిని ఎవరూ నిఘంటువులో వెతుక్కోరు. తెలుగువారికి ఖాతా అంటే బ్యాంకులో ఉండేది, కిరాణా కొట్టులో రాయించుకునేది. బెంగళూరులో మాత్రం అదే మాట ఒక స్థిరాస్తికి నగరపాలక సంస్థ రికార్డులలో ఉన్న స్థానాన్ని తెలుపుతుంది. తెలిసిన మాటే కదా అన్న ధీమాతో అర్థాన్ని ఊహించుకున్నవారు ఒక్కొక్కసారి జీవితకాలపు పొదుపును చిక్కుల్లో పడవేసుకుంటున్నారు. అందువల్ల ఈ మాట పుట్టుకను, అర్థభేదాలను, ఈ నగరంలో దానికి ఏర్పడిన ప్రత్యేక వాడుకను ఇక్కడ వరుసగా వివరించడమైనది.

తెలుగులో ఖాతా

తెలుగులో ఈ మాటకు మూలార్థం లెక్క. ఒక వ్యక్తి పేరిటగాని, ఒక వస్తువు పేరిటగాని విడిగా రాసి ఉంచిన జమాఖర్చుల పట్టికకు ఖాతా అని పేరు. పొదుపు ఖాతా, రుణ ఖాతా, ఉమ్మడి ఖాతా అన్నవి ఈ అర్థంలోనే ఏర్పడిన మాటలు. ఖాతా కలవాడు ఖాతాదారుడు. నెల పొడుగునా సరుకులు తెచ్చుకొని జీతం రాగానే తీర్చే పద్ధతిలో కొట్టువాడు పెట్టే పుస్తకం ఖాతా పుస్తకం.

లెక్క అన్న అర్థం నుంచి జాతీయాలు కూడా పుట్టాయి. క్రికెట్ ఆటగాడు తొలి పరుగు తీస్తే 'ఖాతా తెరిచాడు' అంటారు. ఎన్నికలలో ఒక పార్టీ తొలి స్థానం గెలిచినా అదే మాట. ఒకరు చేసిన పనికి మరొకరు గొప్ప చెప్పుకుంటే 'తన ఖాతాలో వేసుకున్నాడు' అంటారు. ఎవరిదో తెలియని తప్పును 'ఎవరి ఖాతాలో రాయాలి?' అని ప్రశ్నిస్తారు. ఈ వాడుకలన్నింటిలోనూ అంతర్లీనంగా ఉన్నది ఒకే ఊహ: ఒక పేరు, ఆ పేరు కింద చేరే పద్దులు.

ఈ మాట రాకముందు తెలుగువారికి లెక్కలు లేవని కాదు. లెక్క, పద్దు అన్న మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. శాసనసభలో బడ్జెట్టు చర్చకు వచ్చినప్పుడు పత్రికలు 'పద్దులపై చర్చ' అని రాస్తాయి. పాతకాలపు వర్తకులు రోజువారీ లెక్కను చిట్టాలోను, పేరుపేరునా విడదీసిన లెక్కను ఆవర్జాలోను రాసేవారు. ఆవర్జాలో ఒక్కొక్క పేరుకు కేటాయించిన పుటలే ఖాతాలు.

వ్యవసాయ భూమి ఉన్న కుటుంబాలకు మరొక ఖాతా కూడా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 1-బి పత్రం మీద ఖాతా సంఖ్య ఉంటుంది. ఒక రెవెన్యూ గ్రామంలో ఒక రైతుకు వేర్వేరు సర్వే నంబర్లలో ఉన్న భూములన్నీ ఆ ఒక్క సంఖ్య కింద చేరుతాయి. అడంగల్‌కు, పహాణీకి పొలం ఆధారం. ఖాతా సంఖ్యకు మనిషి ఆధారం. ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే బెంగళూరు నగరంలో పద్ధతి తిరగబడుతుంది.

మాట పుట్టుక, ప్రయాణం

'ఖాతా' అచ్చతెలుగు మాట కాదని దాని తొలి అక్షరమే చెబుతుంది. ఖ, ఘ, ఛ, ఝ వంటి ఒత్తక్షరాలు అచ్చతెలుగు మాటలలో ఉండవని మన వ్యాకర్తలు ఏనాడో గుర్తించారు. పల్లెలలో చాలామంది దీనిని 'కాతా' అని పలకడానికి కారణం కూడా అదే. వచ్చిన మాటను నాలుక తన ఇంటి పద్ధతికి మార్చుకున్నది.

పరాయి మాట అనగానే పారశీకమనో అరబ్బీ అనో అనుకోవడం సహజం. సర్కారు, దస్తావేజు, జమ, ఖర్చు, వసూలు, బాకీ వంటి మాటలు ఆ భాషల నుంచి వచ్చినవే కనుక ఖాతాను కూడా ఆ వరుసలో కూర్చోబెడతారు. కాని ఉర్దూ లిపి ఈ విషయంలో స్పష్టమైన సాక్ష్యం ఇస్తుంది. ఆ లిపిలో పారశీక, అరబ్బీ మాటలలోని గరుకైన ఖకారానికి ఒక ప్రత్యేకాక్షరం ఉన్నది. ఉత్తరం అనే అర్థం గల 'ఖత్'ను దానితో రాస్తారు. 'ఖాతా'ను మాత్రం కకారానికి హకారం చేర్చి, దేశీయ పదాలను రాసే పద్ధతిలో రాస్తారు. కనుక ఇది ఉత్తర భారత భాషలలో పెరిగిన మాట.

హిందీ, గుజరాతీ, మరాఠీ, నేపాలీ, బెంగాలీ భాషలన్నింటిలో ఈ మాట ఉన్నది. అర్థంలో మాత్రం చోటుకొక రంగు కనిపిస్తుంది. బెంగాలీలో ఖాతా అంటే రాసుకునే నోటు పుస్తకం. బడిపిల్లల చేతిలో ఉండేది ఖాతాయే. వారి సంవత్సరాది నాడు వర్తకులు పాత బాకీలు ముగించి కొత్త పుస్తకం తెరిచే ఆచారాన్ని 'హాల్‌ఖాతా' అంటారు. ఉత్తరప్రదేశ్ గ్రామాలలో భూమి తునకకు ఖస్రా సంఖ్య, భూమి కలవాడి లెక్కకు ఖాతా సంఖ్య ఉంటాయి. వర్తకుల ఎర్రబట్ట పుస్తకానికి 'బహీఖాతా' అని పేరు. 2019 జూలై 5న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్టు పత్రాలను తోలుసంచికి బదులు ఎర్రబట్టలో చుట్టి పార్లమెంటుకు తెచ్చినప్పుడు ఆ మాట దేశమంతటా వినిపించింది.

దక్షిణాదికి ఇటువంటి లెక్కల మాటలు పాలన వెంట వచ్చాయి. బెంగళూరును 1638 ప్రాంతంలో బీజాపూరు సేనాని రణదుల్లాఖాన్ మూడవ కెంపేగౌడ నుంచి గెలుచుకోగా, అది షాహాజీ భోంస్లేకు జాగీరుగా దక్కింది. 1687లో మొగలుల చేతికి చిక్కి, ఆ వెంటనే మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు అధీనంలోకి వెళ్ళింది. ఆ అర్ధశతాబ్దంలో మరాఠీ మాట్లాడే లేఖకులు, గుమాస్తాలు ఇక్కడ స్థిరపడ్డారు. తెలుగునాట గోల్కొండ సుల్తానులు, తరువాత నిజాములు పాలించిన కాలంలో ఇటువంటి పాలనా పదజాలమే కరణాల కవిలెల్లోకి చేరింది. తెలుగువారి కరణం చేసిన పనిని కన్నడనాట శానుభోగుడు చేసేవాడు. ఇద్దరి పేర్లు వేరైనా ఇద్దరి పుస్తకాలలోనూ పహాణీ, జమాబందీ, పట్టా వంటి మాటలు కనిపిస్తాయి.

పోలికతో తికమకపెట్టే మాటలు

సంస్కృతంలో 'ఖాతము' అనే మాట వేరే ఉన్నది. తవ్వుట అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన ఆ మాటకు తవ్వినది, గొయ్యి, అగడ్త అని అర్థాలు. తవ్వనిది, తనంత తానుగా ఏర్పడిన జలాశయం 'అఖాతము'. సముద్రం నేలలోకి చొచ్చుకొని వచ్చిన భాగానికి తెలుగువారు ఆ మాటనే ఎంచుకున్నారు. బంగాళాఖాతం అన్న పేరును విడదీస్తే బంగాళా, అఖాతం అని వస్తుంది. లెక్కల ఖాతాకు, సముద్రపు అఖాతానికి రూపంలో తప్ప చుట్టరికం లేదు.

కన్నడ పత్రికలు చదవడం నేర్చుకునే తెలుగువారిని తడబెట్టే మరొక మాట 'ఖ్యాతె'. తెలుగువారి కంటికి అది 'ఖ్యాతి'లా, కీర్తిలా కనిపిస్తుంది. కన్నడంలో దాని అర్థం తగాదా, పేచీ. 'ఖ్యాతె తెగె' అంటే పేచీ పెట్టుకోవడం. 'గడి ఖ్యాతె' అన్న శీర్షిక కనిపిస్తే సరిహద్దు తగవు గురించిన వార్త అని గ్రహించాలి.

కన్నడంలో ఖాతె

లెక్కల అర్థంలో కన్నడిగులు ఈ మాటను 'ఖాతె' అనీ 'ఖాతా' అనీ రెండు రూపాలలో వాడతారు. బ్యాంకు ఖాతె అంటే తెలుగులో వలెనే. కొత్త మంత్రివర్గం ఏర్పడినప్పుడు మాత్రం తెలుగువారికి పరిచయం లేని వాడుక ఒకటి కనిపిస్తుంది. 'ఖాతె హంచికె' అని కన్నడ పత్రికలు పెద్ద అక్షరాలతో రాస్తే అది డబ్బు పంపకం గురించిన వార్త కాదు. మంత్రులకు శాఖలు కేటాయించడమని దాని అర్థం. తెలుగులో హోం శాఖ అనేదానిని కన్నడంలో గృహ ఖాతె అంటారు. మరాఠీలో ప్రభుత్వ విభాగాన్ని 'ఖాతే' అంటారు. పోలీసు విభాగం వారికి పోలీస్ ఖాతే. లెక్కల పుస్తకంలో విడిగా ఒక పుట కలిగిన విభాగం క్రమంగా ఆ పుట పేరుతోనే పిలువబడింది.

ఇక బెంగళూరు వీధులలో, మధ్యవర్తుల నోట, రిజిస్ట్రేషన్ కార్యాలయాల ముందు వినిపించే 'ఖాతా' ఈ అర్థాలన్నింటికంటె సంకుచితమైనది. ఈ నగరవాసికి అన్నింటికంటె ముఖ్యమైనదీ అదే.

నగరంలో ఆస్తి ఖాతా

నగరపాలక సంస్థ పరిధిలోని ప్రతి ఇంటికీ, ప్రతి స్థలానికీ ఆస్తి పన్ను ఉంటుంది. కన్నడంలో దానికి 'ఆస్తి తెరిగె' అని పేరు. వాడుకలో 'కందాయ' అని కూడా అంటారు. తెలుగు పంచాంగంలోని కందాయ ఫలాలలో ఉన్న కందాయమే ఇది. అక్కడ నాలుగు నెలల కాలభాగానికి, ఇక్కడ ప్రభుత్వానికి చెల్లించే పన్నుకు పేరైంది. ఆ పన్నును ఎవరి నుంచి రాబట్టాలో తెలియడానికి సంస్థ ఒక రిజిస్టరు నిర్వహిస్తుంది. అందులో ఒక ఆస్తికి సంబంధించిన నమోదే ఆ ఆస్తి ఖాతా. యజమానిగా చూపబడిన వ్యక్తి పేరు, స్థలం కొలతలు, కట్టడం వైశాల్యం, వినియోగం, గుర్తింపు సంఖ్య అందులో ఉంటాయి.

పల్లెలోని 1-బి ఖాతాకు, నగరంలోని ఆస్తి ఖాతాకు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. పల్లెలో ఒక మనిషికి ఒక ఖాతా, దాని కింద ఎన్నో తునకలు. నగరంలో ఒక ఆస్తికి ఒక ఖాతా. ఒకే వ్యక్తికి మూడు స్థలాలుంటే మూడు ఖాతాలు ఉంటాయి. హైదరాబాదులో ఇదే పనికి ఇంటి పన్ను గుర్తింపు సంఖ్యను వాడతారు. దానిని ఖాతా అనరు. అందువల్ల తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారికి నమోదు తెలిసినదే అయినా పేరు కొత్తగా తోస్తుంది.

ఏ, బి అక్షరాల వెనుక

2007లో పాత మహానగర పాలికెకు చుట్టుపక్కల ఉన్న 7 నగరసభలను, కెంగేరి పురసభను, వందకు పైగా గ్రామాలను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పాటు చేశారు. యలహంక, మహదేవపుర, బొమ్మనహళ్ళి, కృష్ణరాజపురం వంటి ప్రాంతాలు అప్పుడే నగరంలో చేరాయి. తెలుగువారు విస్తారంగా నివసించే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ పరిసరాలు ఆ చేరిన భాగంలోనివే. ఆ ప్రాంతాలలో వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చకుండానే స్థలాలుగా విడగొట్టి అమ్మిన చోట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని వాడుకలో 'రెవెన్యూ సైట్లు' అంటారు. 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం ప్రకారం అటువంటి మార్పుకు ముందుగా అనుమతి పొందాలి. డిప్యూటీ కమిషనరు ఇచ్చే అనుమతి గనుక దీనిని 'డి.సి. కన్వర్షన్' అని పిలుస్తారు.

అటువంటి స్థలాలలో ఇళ్ళు లేచాయి, మనుషులు నివసిస్తున్నారు, రోడ్లు, దీపాలు, చెత్త సేకరణ వంటి సేవలు అందుతున్నాయి. కనుక పన్ను రాబట్టాలి. పన్ను రాబట్టినంత మాత్రాన నిబంధనల ఉల్లంఘనను అంగీకరించినట్లు కాకూడదు. ఈ రెండింటిని సమన్వయించడానికి అక్రమ కట్టడాల పన్ను వివరాలను వేరొక రిజిస్టరులో రాసే పద్ధతి వచ్చింది. నిబంధనలకు లోబడిన ఆస్తుల రిజిస్టరు 'ఏ', తక్కినవాటి రిజిస్టరు 'బి'. వాటి నుంచి వచ్చిన మాటలే ఏ ఖాతా, బి ఖాతా.

ఈ అక్షరాలను బడిలోని మార్కుల శ్రేణిగా భావించడం పొరపాటు. బి అంటే రెండవ తరగతి ఆస్తి అని కాదు. పన్ను చెల్లుతున్నది గాని, భూమి మార్పిడిలోనో, లేఅవుటు అనుమతిలోనో, కట్టడంలోనో పూర్తికాని విషయం ఉన్నదని దాని అర్థం. ఏ ఖాతా ఉన్న స్థలంలో ఇల్లు కట్టడానికి ప్లాను మంజూరు కోరవచ్చు. బి ఖాతా స్థలానికి సాధారణంగా ఆ మంజూరు లభించదు. అనేక బ్యాంకులు అటువంటి ఆస్తి మీద గృహరుణం ఇవ్వడానికి ముందుకు రావు. ఈ కారణం చేతనే బి ఖాతా స్థలం చవకగా దొరుకుతుంది. ఆ చవక ధర వెనుక ఉన్న లోపమేమిటో తెలుసుకోకుండా బయానా ఇవ్వడం ప్రమాదకరం.

బి ఖాతాను ఏ ఖాతాగా మార్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అటువంటి పథకాలకు అర్హతలు, రుసుములు, గడువులు ఉంటాయి. 'రేపో మాపో ఏ ఖాతా అవుతుంది' అని అమ్మేవారు చెప్పే మాటను ధరలో కలపకూడదు. మారినట్లు పత్రం చేతికి వచ్చిన తరువాతే అది మారినట్లు.

నగరం వెలుపల గ్రామ పంచాయతీ పరిధిలో పత్రాల పేర్లు వేరుగా ఉంటాయి. ఈ-స్వత్తు అనే వ్యవస్థ ద్వారా పంచాయతీలు ఫారం 9, ఫారం 11 అనే పత్రాలు ఇస్తాయి. 'గ్రామఠాణా' అన్న మాట వినిపిస్తే తెలుగువారి గ్రామకంఠం, అనగా ఊరి నివాస స్థలం అని తెలుసుకోవాలి.

సర్టిఫికెట్, ఎక్స్‌ట్రాక్ట్, ఈ-ఖాతా

ఖాతా అనే నమోదు రిజిస్టరులో ఉంటుంది. దాని నుంచి పౌరుడి చేతికి వచ్చే పత్రాలు చాలాకాలంగా రెండు. ఫలానా ఆస్తి ఫలానా వారి పేరిట నమోదై ఉన్నదని ధ్రువీకరించేది ఖాతా సర్టిఫికెట్. ఆ ఆస్తి కొలతలు, వినియోగం, పన్ను వివరాలను చూపేది ఖాతా ఎక్స్‌ట్రాక్ట్. ఒకటి ఉన్నది గదా అని రెండవదానిని వదిలివేయరాదు. పేరు సరిగా ఉండి, కొలతలు దస్తావేజుతో సరిపోని సందర్భాలు ఉంటాయి. అటువంటి తేడా ఎక్స్‌ట్రాక్ట్‌లోనే బయటపడుతుంది.

2024 అక్టోబరు నుంచి బెంగళూరులో స్థిరాస్తి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా తప్పనిసరి అయింది. ఈ-ఖాతా అంటే అదే నమోదును కంప్యూటరులో, ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో, యజమాని ఆధార్ ధ్రువీకరణతో, ఆస్తి ఫొటోతో భద్రపరచిన రూపం. నకిలీ ఖాతాలతో ఒకే స్థలాన్ని పలువురికి అమ్మే మోసాన్ని అరికట్టడం దీని ఉద్దేశాలలో ఒకటి. ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఈ-ఖాతా పొందిన బి ఖాతా ఆస్తి ఏ ఖాతా ఆస్తిగా మారదు. కాగితం కంప్యూటరులోకి వెళ్ళింది, అక్షరం అలాగే ఉన్నది. అందుచేత ఈ-ఖాతా ఉన్నదన్న సమాధానంతో తృప్తి చెందక, ఏ రిజిస్టరుకు చెందినదో కూడా చూడాలి.

ముసాయిదా ఈ-ఖాతాలను ఆన్‌లైన్‌లో చూసుకొనే వీలున్నది. యజమాని పేరు అక్షరక్రమం, తండ్రి లేదా భర్త పేరు, హద్దులు, కొలతలు అందులో సరిచూసుకోవాలి. తెలుగువారి ఇంటిపేర్లు ముందుగా రావడం, కన్నడ పద్ధతిలో ఊరి పేరో తండ్రి పేరో తొలి అక్షరాలుగా నిలవడం వల్ల ఆధార్‌లో ఒక విధంగా, దస్తావేజులో మరొక విధంగా పేర్లు పడుతుంటాయి. కొనుగోలు సమయంలోనే ఒకే రూపాన్ని పాటిస్తే తరువాతి శ్రమ తప్పుతుంది.

పేరు మారే సందర్భాలు

ఆస్తి చేతులు మారినప్పుడు రిజిస్టరులో పేరు మార్చుకోవడాన్ని కన్నడంలో 'ఖాతా బదలావణె' లేదా 'ఖాతా వర్గావణె' అంటారు. క్రయ దస్తావేజు రిజిస్టరు అయిన తరువాత కూడా నగరపాలక సంస్థ రికార్డులో తమ పేరు ఎక్కినదో లేదో కొన్నవారు సరిచూసుకోవాలి. పేరు ఎక్కకపోతే పన్ను నోటీసులు పాత యజమాని పేరిటనే వస్తాయి. ఆ స్థితిలోనే ఏళ్ళు గడిస్తే, అమ్మదలచుకున్నప్పుడు పాత లంకె అంతటినీ వెతకవలసి వస్తుంది.

యజమాని మరణించినప్పుడు వారసుల పేరిట చేసే మార్పును 'పౌతి ఖాతె' అంటారు. ముఖ్యంగా వ్యవసాయ భూముల విషయంలో ఈ మాట వినిపిస్తుంది. మరణం అనే అర్థం గల 'ఫౌత్' అనే అరబ్బీ మాట దీనికి మూలం. తెలంగాణ గ్రామాలలో 'ఫౌతి' అనే పేరుతో ఇదే తెలుసు. కుటుంబంలో ఒకరు పోయినప్పుడు పత్రాల ఊసెత్తడం అమంగళమని వాయిదా వేయడం మన ఇళ్ళలో అలవాటు. వారసులు వేర్వేరు ఊళ్ళలో స్థిరపడిన కొద్దీ సంతకాలు కూడగట్టడం కష్టమవుతుంది. మరణ ధ్రువపత్రం, వారసుల వంశవృక్ష పత్రం చేతిలో ఉన్నప్పుడే దరఖాస్తు చేయడం మేలు.

ఇద్దరి పేరిట ఉన్న ఖాతాకు కన్నడంలో 'జంటి ఖాతె' అని పేరు. తెలుగువారి 'జంట'ను తలపించే ఆ మాట దంపతులకు మాత్రమే పరిమితం కాదు. అన్నదమ్ములు, తల్లీకొడుకులు ఎవరైనా సహయజమానులు కావచ్చు. అయితే దస్తావేజులో ఇద్దరి పేర్లు ఉంటేనే ఖాతాలో ఇద్దరి పేర్లు వస్తాయి. భార్య సంపాదన కూడా చేరి కొన్న ఇంటికి దస్తావేజులో భర్త పేరు ఒక్కటే రాయించి, తరువాత ఖాతాలో రెండవ పేరు చేర్చమని కోరితే కుదరదు.

ఖాతా హక్కును ఇస్తుందా?

ఈ వివరణలో అన్నింటికంటె ముఖ్యమైన అంశం ఇది. ఖాతా యాజమాన్య హక్కును సృష్టించదు. పన్ను ఎవరు చెల్లించాలో తెలిపే రికార్డు అది. మ్యుటేషన్ నమోదు వల్ల ఆస్తిపై హక్కు ఏర్పడదని, ఉన్న హక్కు పోదని సుప్రీంకోర్టు 1996లోనూ, ఆ తరువాత పలు తీర్పులలోనూ స్పష్టం చేసింది.

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఇక్కడ పొరబడటానికి ఒక కారణం ఉన్నది. అక్కడ 1971 చట్టం కింద పట్టాదారు పాసుపుస్తకాలు వచ్చాయి. పాసుపుస్తకంలో ఖాతా సంఖ్య ఉంటుంది. ఆ పుస్తకాన్ని రైతు తన హక్కుకు నిదర్శనంగా బీరువాలో దాచుకుంటాడు. ఆ అలవాటుతో ఖాతా అన్న మాటకు హక్కు అన్న బరువు వచ్చి చేరింది. బెంగళూరులో అమ్మేవాడు ఖాతా కాగితం చూపగానే ఇల్లు అతనిదేనని నమ్మడం ఆ పాత బరువు వల్లనే.

హక్కు దేని వల్ల వస్తుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారానే జరగాలి. దానిని కన్నడంలో 'క్రయపత్ర' అంటారు. వారసత్వం, భాగపరిష్కారం, దానం, వీలునామా మరికొన్ని మార్గాలు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం, వీలునామా అనే మూడు కాగితాలను కలిపి 'అమ్మినట్లే' అనే పద్ధతి వల్ల యాజమాన్యం బదిలీ కాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. స్థలంపై గతంలో జరిగిన రిజిస్టరు లావాదేవీలను, తనఖాలను చూపేది ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. కన్నడంలో దాని పేరు 'ఋణభార పత్ర'. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ కావేరి జాలస్థలం ద్వారా దానిని పొందవచ్చు.

కనుక ఖాతాను, క్రయపత్రాన్ని, ఋణభార పత్రాన్ని పక్కపక్కన పెట్టి చదవాలి. మూడింటిలోనూ ఒకే ఆస్తి, ఒకే కొలతలు, ఒకే హద్దులు ఉండాలి. పేర్ల వరుస తెగకుండా ఉండాలి. హద్దులను కన్నడ పత్రాలలో 'చక్కుబంది' అంటారు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అన్న నాలుగు దిక్కులలో ఏమున్నదో అక్కడ రాసి ఉంటుంది. ఆ పుటను చేతపట్టుకొని స్థలం వద్దకు వెళ్ళి స్వయంగా సరిచూసుకోవడానికి ఒక పూట చాలు.

అడగవలసిన ప్రశ్నలు

ఖాతా ఉన్నదా అన్న ఒక్క ప్రశ్నకు ఉన్నదని సమాధానం వస్తే, మరికొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. ఖాతా ఎవరి పేరిట ఉన్నది? అమ్మేవాడు, ఖాతాలోని వాడు, క్రయపత్రంలోని వాడు ఒక్కరేనా? ఏ రిజిస్టరులోనిది? ఈ-ఖాతా వచ్చినదా, ముసాయిదా దశలోనే ఉన్నదా? వ్యవసాయ భూమి అయితే మార్పిడి ఉత్తర్వు ఏది? పన్ను బకాయి ఉన్నదా? కొలతలు దస్తావేజుతో సరిపోతున్నాయా?

ఈ ప్రశ్నలకు కాగితాల రూపంలో సమాధానం కోరడం ఎవరినీ అవమానించినట్లు కాదు. మధ్యవర్తి మన ఊరివాడే, మన భాష మాట్లాడేవాడే అయినప్పటికీ కాగితం చూడటం మానకూడదు. కన్నడం చదవడం రాకపోతే చదవగలిగిన వ్యక్తితో ప్రతి పుటను చదివించుకొని, అవసరమైతే న్యాయవాది సలహా తీసుకున్న తరువాతే సంతకం చేయాలి.

కార్యాలయానికి వెళ్ళేవారు 'సకాల' అన్న మాటను గుర్తుంచుకోవాలి. 2011 నాటి చట్టం ప్రకారం కర్ణాటకలో పౌరసేవలను నిర్ణీత గడువులోగా అందించాలి. మన 'సకాలంలో' అన్న మాటే ఆ పథకం పేరు. ఆ చట్టం కిందికి వచ్చే సేవకు దరఖాస్తు ఇచ్చినప్పుడు రశీదు సంఖ్యను తప్పక తీసుకోవాలి. గడువు దాటితే ఆ సంఖ్య ఆధారంగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద మధ్య, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ అనే 5 నగరపాలక సంస్థలు ఏర్పడినందున, తమ ఇల్లు ఏ సంస్థ పరిధిలో ఉన్నదో ముందుగా తెలుసుకొని ఆ సంస్థ రెవెన్యూ కార్యాలయానికి వెళ్ళాలి. వెంట తీసుకుపోవలసినవి: రిజిస్టరు అయిన దస్తావేజు ప్రతి, తాజా పన్ను రశీదు, గుర్తింపు పత్రం, ఋణభార పత్రం. అసలు పత్రాలను చూపించి వెంటనే తిరిగి తీసుకోవాలి. వాటిని ఎవరి వద్దా వదిలిరాకూడదు.